మంచినీళ్ళ గ్లాసుతో మొదలుపెట్టండి: రెండు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో దయ, ఆత్మవిశ్వాసం

ఇంటికి చుట్టాలు వచ్చి కూర్చున్న ఐదు నిమిషాలకల్లా నాలుగేళ్ళ పిల్లవాణ్ణి గది మధ్యకు తీసుకొచ్చి నిలబెట్టి, "మామయ్యగారికి రైమ్ చెప్పు నాన్నా" అనడం మన ఇళ్ళలో ఒక మర్యాదలా స్థిరపడిపోయింది. వాడు తల్లి కొంగు చాటుకు వెళతాడు. "ఎవరూ లేనప్పుడు గడగడా చెబుతాడండీ, ఎవరైనా వస్తేనే ఇలా" అని తల్లి సంజాయిషీ చెప్పుకుంటుంది. ముప్ఫై ఏళ్ళ కిందట నేనూ మా అబ్బాయిని ఇలాగే నిలబెట్టాను. వాడు ఒక పద్యం రెండు పాదాలు చెప్పి మూడోది మరిచిపోయాడు. వచ్చినవాళ్ళు నవ్వారు, వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. వాళ్ళ నవ్వును వాడు పెద్దగా పట్టించుకోలేదు కానీ నా నవ్వు మాత్రం వాడి మనసులో నాటుకుంది. ఆ తరువాత చాలాకాలం గేటు చప్పుడైతే చాలు, మంచం కిందికి దూరేవాడు.

నలుగురి ముందు తడబడకుండా వల్లించడమే ధైర్యమనీ, ఎదురు చెప్పకుండా మాట వినడమే మంచితనమనీ ఆ రోజుల్లో నేను గట్టిగా నమ్మాను. ఇరవై ఏళ్ళకు పైగా చిన్నపిల్లలకు చదువు చెప్పి, ఇప్పుడు మనవరాలి వెంట తిరుగుతున్న నాకు ఆ రెండు నమ్మకాలూ పొరపాటేనని తేలింది. ఈ వయసు పిల్లలకు తమ మీద తమకు నమ్మకం కుదిరేది తమ చేతుల మీదుగా ఒక పని పూర్తయినప్పుడు, ఎదుటివారి మీద దయ పుట్టేది ఆ పని ఒకరికి అక్కరకు వచ్చిందని కళ్ళారా చూసినప్పుడు. కనుక ఈ రెండింటినీ వేరువేరుగా నేర్పనక్కరలేదు. వచ్చిన చుట్టానికి పద్యం వినిపించమనే బదులు మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇవ్వమంటే, అదే బిడియస్తుడు అదే గది దాటి అదే మనిషి దగ్గరకు నడిచి వెళతాడు. ఈసారి అందరి కళ్ళూ గ్లాసు మీద ఉంటాయి, వాడి కళ్ళతో సహా.

చేతికి నిజమైన పని

గ్లాసు సంగతే కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగిలిన పనులన్నిటికీ పద్ధతి ఇదే. కాఫీకి వాడే చిన్న స్టీలు గ్లాసు ఒకటి పిల్లలకు అందే ఎత్తులో ఉంచండి. గాజుది, ప్లాస్టిక్ బొమ్మ గ్లాసు రెండూ వద్దు. సగానికి నీళ్ళు పోసి, రెండు చేతులతో పట్టుకుని నడవడం ఒక్కసారి మీరు నెమ్మదిగా, మాట్లాడకుండా చేసి చూపించండి. చూపిస్తూ మాట్లాడితే పిల్లలు మన నోటిని చూస్తారు తప్ప చేతుల్ని చూడరు. గ్లాసు కింద పళ్ళెం పెట్టకండి, జారుతుంది. ఒలికితే తుడవడానికి ఒక పాతగుడ్డ ఎప్పుడూ ఒకేచోట, కిందుగా తగిలించి ఉంచండి. ఒలికినప్పుడు "చెప్పానా, నువ్వు చెయ్యలేవని" అనకుండా "గుడ్డ ఎక్కడుందో నీకు తెలుసుగా" అంటే సరిపోతుంది. మా మనవరాలు మొదటిసారి గ్లాసు పట్టుకున్నప్పుడు నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా నడిచి నడిచి, చుట్టాన్ని దాటేసి కిటికీ దాకా వెళ్ళిపోయింది. ఎవరూ నవ్వలేదు, ముందే చెప్పి ఉంచాను కనుక. తల ఎత్తి చూసుకుని, వెనక్కి తిరిగి వచ్చి ఇచ్చింది.

రెండేళ్ళ పిల్లలు మాసిన బట్టలు బకెట్లో వేయగలరు, గుమ్మం దగ్గర చెప్పులు జతలుగా పెట్టగలరు. మూడేళ్ళకు కరివేపాకు దూయగలరు, బఠాణీలు ఒలవగలరు, తులసికోటలో నీళ్ళు పోయగలరు. నాలుగైదేళ్ళకు చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం, ఆరిన చేతిరుమాళ్ళు మడతపెట్టడం, కంచాలు వేయడం వస్తాయి. పొయ్యి, వేడి సాంబారు, కత్తిపీట ఉన్నచోటికి మాత్రం ఏ పని పేరుతోనూ రానివ్వకండి. బడి వ్యాను వచ్చే వేళ హడావుడిలో ఈ పాఠాలు మొదలుపెట్టకండి. ఆదివారం పొద్దున్న తీరుబడిగా మొదలుపెడితే బుధవారానికి అలవాటు పడుతుంది. ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట, వాళ్ళు మడతపెట్టిన రుమాలును వాళ్ళ కళ్ళముందే విప్పి మళ్ళీ మడతపెట్టకండి. ఆ ఒక్క పనితో మీరు ఏం అన్నట్టో పిల్లలకు మాటలతో చెప్పనక్కరలేదు.

చిన్నపిల్లల చేతికి నిజమైన పనిముట్లు ఇవ్వాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. మరియా మాంటిస్సోరి 1907లో రోములో తెరిచిన తన మొదటి బాలల గృహంలో పిల్లలకు చీపుళ్ళు, కూజాలు, గుండీలు పెట్టుకునే చట్రాలు వాళ్ళ కొలతలకు తగ్గట్టు చేయించి ఇచ్చింది. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టింది, యుద్ధం మూలంగా 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది. ఇప్పుడు ఆమె పేరు పెట్టుకున్న బళ్ళు మన ఊళ్ళలో వీధికొకటి ఉన్నాయి కానీ, వాటిలో చాలావాటిలో మూడేళ్ళ పిల్లలు బల్ల ముందు కూర్చుని అక్షరాలు దిద్దుతూ ఉంటారు. పిల్లను చేర్పించే ముందు ఒక పూట వెళ్ళి, అక్కడి పిల్లలు తమ టిఫిన్ డబ్బా తామే తెరుచుకుంటున్నారా, తమ చాప తామే చుట్టుకుంటున్నారా అన్నది చూస్తే గోడమీద బోర్డు కన్నా ఎక్కువే తెలుస్తుంది.

సాయపడాలన్న కోరికను మనం కొత్తగా పుట్టించవలసిన పని కూడా లేదు. 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ తొమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు ఏడాదిన్నర పిల్లల ముందు బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడిచి, అందనట్టు చెయ్యి చాచి చూశారు. ఎవరూ అడగకుండానే చాలామంది పిల్లలు వెళ్ళి తీసిచ్చారు. రెండేళ్ళ తరువాత వాళ్ళే మరో ప్రయోగంలో, సాయం చేసినప్పుడల్లా బహుమతి అందుకున్న పిల్లలు బహుమతి ఆపేశాక మిగిలినవారికన్నా తక్కువ సాయపడ్డారని గమనించారు. చెప్పులు సర్దితే చాక్లెట్ ఇస్తాననే తల్లిదండ్రులు ఈ రెండో ప్రయోగాన్ని గుర్తుంచుకోవాలి. ఊరికే దొరుకుతున్న మంచితనానికి మనమే ధర కట్టి, ఆ ధర ఇవ్వలేని రోజున అది కనిపించడం లేదని బాధపడతాం.

మెచ్చుకునే మాటలు

1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అమెరికాలో ఐదో తరగతి పిల్లలకు కొన్ని చిక్కుప్రశ్నలు ఇచ్చి, కొందరిని తెలివైనవారని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తెలివిని మెచ్చుకోలుగా అందుకున్న పిల్లలు ఆ తరువాత తేలిక ప్రశ్నల వైపు మొగ్గారు, ఓడిపోయాక త్వరగా నీరసించారు. వాళ్ళు మనం మాట్లాడుకుంటున్న పిల్లలకన్నా పెద్దవాళ్ళే అయినా, "మా వాడు చాలా తెలివైనవాడు" అనే మాట మనం మూడేళ్ళ నుంచే మొదలుపెడతాం కనుక ఈ సంగతి ఇక్కడ చెప్పవలసి వచ్చింది. తెలివైనవాడన్న పేరు ఒకసారి వచ్చాక అది పోతుందేమోనన్న భయం కూడా వెంట వస్తుంది. అందుకని మనిషిని కాకుండా జరిగినదాన్ని చెప్పండి. "రెండుసార్లు కూలిపోయినా మళ్ళీ పేర్చావు", "నువ్వు ఒలిచిన బఠాణీలే ఇవాళ కూరలో వేశాను" అంటే చాలు. రెండో వాక్యంలో మెచ్చుకోలు మాట ఒక్కటి కూడా లేదు, కానీ అది విన్న పిల్ల ఆ పూట కూరంతా తానే వండినంత గర్వంగా తింటుంది.

అలాగని "బంగారుతల్లి", "నా చిట్టితండ్రి" వంటి ముద్దుమాటలు మానేయమని కాదు. అవి ప్రేమకు సంబంధించినవి. పని చేసినందుకు కూలీగా వాటిని ఇవ్వకండి, చేయనందుకు వాటిని కోయకండి.

అలవాటుగా అనే మాటలు

పిల్ల పరుగెత్తుతూ గడప తట్టుకుని పడుతుంది, మోకాలు దోక్కుపోతుంది. అమ్మమ్మ ఒక్క ఉదుటున వచ్చి "గడప కొట్టిందా అమ్మా? చెడ్డ గడప! ఇదిగో, కొట్టేశాను చూడు" అని గడపను నాలుగు దెబ్బలు వేస్తుంది. ఏడుపు ఆగుతుంది, నిజమే. కానీ దెబ్బ తగిలినప్పుడల్లా ఎవరో ఒకరు తప్పు చేసి ఉంటారనీ, వాళ్ళను తిరిగి కొడితే నొప్పి తగ్గుతుందనీ పిల్ల నేర్చుకుంటుంది. రేపు బడిలో పక్కపిల్లవాడు పొరపాటున తగిలితే వాడూ గడపే అవుతాడు. "మంట పుడుతోందా? రా, కడుగుదాం. గడప దగ్గర కాలు ఎత్తి వెయ్యాలన్నమాట" అంటే ఏడుపు ఆగడానికి మరో రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

"నిన్ను మేం కనలేదు, తవుడిచ్చి కొనుక్కున్నాం" అన్న వేళాకోళం మనలో వినని ఇల్లు ఉండదు. పెద్దవాళ్ళకు అది హాస్యం. ఐదేళ్ళలోపు పిల్లలకు హాస్యానికీ సమాచారానికీ తేడా ఇంకా స్పష్టంగా తెలియదు. నా తరగతిలో ఒక పిల్లవాడు, ఇంట్లో చెల్లెలు పుట్టిన కొత్తలో, అన్నం డబ్బా ముట్టకుండా కూర్చుని నన్ను చాలా గంభీరంగా "తవుడు తిరిగి తెస్తే నన్ను ఇచ్చేస్తారా టీచర్?" అని అడిగాడు. ఆ రోజు నుంచి ఆ వేళాకోళం నా నోటి నుంచి రాలేదు.

బూచాడు, పోలీసు, సూది వేసే డాక్టరు అనే మూడు బెదిరింపులనూ ఒకేసారి వదిలేయడం మంచిది. తిరనాళ్ళలోనో పుష్కరాల రద్దీలోనో తప్పిపోయిన పిల్ల సాయం అడగవలసిన మనిషి పోలీసే. అతన్ని చూడగానే దాక్కోవాలని మూడేళ్ళుగా మనమే నేర్పి ఉంటే, ఆ రోజున ఆ పిల్ల ఎవరి దగ్గరకు వెళుతుంది? బండోడు, బక్కోడు, నల్లపిల్ల అని పిలవడం, పిల్లవాడు అక్కడే నిలబడి ఉండగా "వీడు ఉత్త మొండివాడండీ" అని మరొకరికి చెప్పడం కూడా ఈ కోవలోవే. పిల్లలు తమ గురించి తాము మొట్టమొదట తెలుసుకునేది మనం ఇతరులతో చెప్పే మాటలు విని.

‘ఆవిడ’ ఎవరు, ‘అది’ ఎవరు

దయ గురించి రాసేవారు పంచుకోవడం, జంతువులకు తిండి పెట్టడం వంటివి చెబుతారు కానీ, తెలుగు ఇంట్లో పిల్లలు మనుషుల విలువను ముందుగా నేర్చుకునేది క్రియాపదాల నుంచి అని నా గట్టి అభిప్రాయం. మూడేళ్ళ పిల్ల అందరినీ "రా" అంటుంది. ఐదేళ్ళు వచ్చేసరికి ఎవరిని "రండి" అనాలో, ఎవరిని "రా" అంటే సరిపోతుందో, ఎవరిని "ఆవిడ" అనాలో, ఎవరిని "అది" అన్నా ఎవరూ ఏమీ అనరో ఆ పిల్లకు పొల్లుపోకుండా తెలిసిపోతుంది. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. "ఇవాళ కూడా అది రాలేదు, అంట్లన్నీ అలాగే పడి ఉన్నాయి" అని తల్లి ఫోనులో అనడం, తండ్రి వాచ్‌మన్‌ను "ఒరేయ్" అని కేకేయడం విని పోగుచేసుకుంటుంది. తరువాత ఒకరోజు తన నానమ్మ వయసున్న పనిమనిషిని "ఏయ్, నా బ్యాగ్ తే" అని అందరి ముందూ అన్నప్పుడు మనం "తప్పు, అలా అనకూడదు" అని గద్దిస్తాం.

గద్దించడం కన్నా వరస కలిపి చూపించడం తేలిక. మన భాషలో దీనికి చక్కటి వెసులుబాటు ఉంది, ఎవరినైనా అత్త, అక్క, పెద్దమ్మ, బాబాయి, అన్న, తాత అనవచ్చు. అంట్లు తోమే ఆవిడ అత్త, ఆటో నడిపే ఆయన బాబాయి, గేటు దగ్గర కూర్చునే పెద్దాయన తాతయ్య అని మొదటి రోజు నుంచీ పెద్దవాళ్ళు పిలిస్తే పిల్లలు మరో మాట వెతుక్కోరు. తల్లిని "నువ్వు" అనడంలో ప్రేమ ఉన్నట్టే, వరస కలిపిన తరువాత "అత్తా, నువ్వు తిన్నావా?" అన్నా అందులో అగౌరవం ఉండదు. అభ్యంతరమల్లా, చేసే పనిని బట్టి మనిషి ‘అది’గా మారడానికి. ఇంట్లో లేనివారి గురించి మాట్లాడేటప్పుడు మరీ జాగ్రత్త అవసరం, పిల్లలు అప్పుడే చెవులు రిక్కిస్తారు.

చాలా ఇళ్ళలో పనిచేసే ఆవిడకు టీ పోసే గ్లాసు వేరుగా, వంటింటి కిటికీ గట్టు మీద ఉంటుంది. దాని గురించి ఎవరూ పిల్లలతో మాట్లాడరు, కానీ వాళ్ళ కళ్ళు ఆ గట్టు ఎత్తు దాటగానే అది కనిపిస్తుంది. "ఈ గ్లాసు ఎవరిది, మన గ్లాసుల్లో ఎందుకు పెట్టరు?" అని పిల్ల అడిగితే చెప్పడానికి మన దగ్గర సిగ్గుపడనవసరం లేని జవాబేదీ ఉండదు. చుట్టాలకు మంచినీళ్ళు ఇప్పించి నేర్పిందంతా ఆ గట్టు దగ్గర ఒలికిపోకుండా ఉండాలంటే, ఆ గ్లాసును తీసి మిగిలినవాటితో కలిపి పెట్టేయడమే మార్గం. ఆ తరువాత ఒకరోజు ఆవిడకు టీ కూడా పిల్ల చేతే పంపండి, చల్లారాక.

కోపం, ఉక్రోషం, బెంగ

చిన్నపిల్లల ఏడుపుకు పేరు పెట్టగలిగితే సగం పని అయినట్టే, ఆ పేర్లు మన భాషలో పుష్కలంగా ఉన్నాయి. చొక్కా బొత్తాం ఎంతకీ పట్టకపోతే వచ్చేది కోపం కాదు, ఉక్రోషం. సెలవులకు వచ్చిన అమ్మమ్మ ఊరికి వెళ్ళిపోయిన సాయంత్రం అన్నం సయించకపోవడం బెంగ. మనం వెళ్ళి బతిమాలాలని తలుపు వెనక నిలబడడం అలక. కొత్తవారి ముందు గొంతు పెగలకపోవడం బిడియం, అది పిరికితనం కాదు. ఈ నాలుగింటికీ చేయవలసినవి నాలుగు వేరు పనులు. ఉక్రోషానికి బొత్తాం సగం దూర్చి మిగతా సగం వాళ్ళకే వదిలేయాలి, బెంగకు ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, అలకకు ఒక్కసారి బతిమాలి ఊరుకోవాలి, బిడియానికి కొంత సమయం ఇవ్వాలి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న తెలుగు పిల్లలకు శాడ్, యాంగ్రీ అన్న రెండు మాటలు బడిలోనే వచ్చేస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు కనీసం ఈ నాలుగు మాటలైనా వాళ్ళకు అందించగలిగితే, వీడియో కాల్ పెట్టేసిన తరువాత తనకు ఏమైందో ఆ పిల్ల తానే చెప్పగలుగుతుంది.

ఏడుపు మంచి ఊపులో ఉండగా నీతి చెప్పకండి, ఒక్క ముక్క తలకెక్కదు. పక్కన కింద కూర్చుని "బొత్తాం పట్టట్లేదని ఉక్రోషం వచ్చిందా?" అని ఒక్కసారి అడిగి ఊరుకోండి. వెక్కిళ్ళు తగ్గాక మిగతాది. మగపిల్లవాణ్ణి "ఆడపిల్లలా ఏడుస్తావేం" అనడం ఒక్క మాటతో ఇద్దరు పిల్లలను కించపరచడం. పక్కనే ఉన్న చెల్లెలు కూడా వింటుంది కదా.

ఇక మనకే కోపం వచ్చి అరిచిన రోజులు ఉంటాయి. రాత్రి పడుకునే ముందైనా "ఇందాక పాలు ఒలికినప్పుడు గట్టిగా అరిచాను. ఆఫీసు చిరాకు నీ మీద చూపించాను, తప్పు నాది" అని చెప్పడం వల్ల పెద్దరికం ఏమీ తరగదు. తప్పు ఒప్పుకున్న మనిషిని దగ్గరగా ఒక్కరినైనా చూడకుండా పిల్లలు ఆ పని ఎలా నేర్చుకుంటారు?

కొట్లాటలు, వంతులు

రెండేళ్ళవాడు పక్కవాడి బొమ్మ లాక్కుంటే వాడు చెడ్డవాడని కాదు. ఎదుటివారి తలలో తన తలలో ఉన్నదానికన్నా వేరే ఆలోచన ఉంటుందన్న ఎరుక చాలామంది పిల్లలకు నాలుగేళ్ళు దాటాక గానీ కుదరదు. 1983లో హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ చేసిన ప్రయోగంలో, ఒక పిల్లవాడు అలమరలో చాక్లెట్ దాచి బయటికి వెళతాడు, వాడు లేనప్పుడు తల్లి దాన్ని మరోచోటికి మారుస్తుంది; తిరిగి వచ్చి ఎక్కడ వెతుకుతాడని అడిగితే, మూడేళ్ళవాళ్ళు చాక్లెట్ ఇప్పుడున్న చోటునే చూపిస్తారు. తమకు తెలిసింది అందరికీ తెలుసనే వాళ్ళ లెక్క. కాబట్టి "వాడికి ఎంత బాధగా ఉంటుందో ఆలోచించు" అని మూడేళ్ళ పిల్లను ప్రశ్నించడం కన్నా, "అటు చూడు, వాడి కళ్ళలో నీళ్ళు వచ్చాయి" అని చూపించడం మేలు.

"చిన్నవాడు కదా, ఇచ్చెయ్యి" అన్న తీర్పు మన ఇళ్ళలో పెద్దపిల్లలకు జరిగే పాత అన్యాయం. ప్రతిసారీ ఇచ్చేసిన పిల్లలో పెరిగేది దయ కాదు, లోలోపలి కసి. వంతులు పెట్టండి. గడియారం పెద్ద ముల్లు ఆరు మీదికి వచ్చేదాకా అక్క, పన్నెండు మీదికి వచ్చేదాకా తమ్ముడు అని చూపించి, మాట తప్పకుండా అమలు చేయండి. దెబ్బలాట అయిపోయాక "సారీ చెప్పు" అని మెడ మీద కూర్చుంటే ఆ మాట విడుదల చీటీ అవుతుంది, అది పడేసి మళ్ళీ ఆటకు పరుగెడతారు. "ఇప్పుడు వాడికి ఏం చేస్తే కాస్త బాగుంటుంది?" అని అడిగి చూడండి. కూల్చినదాన్ని మళ్ళీ పేర్చడమో, తడిగుడ్డ తెచ్చి అద్దడమో వాళ్ళకే తడుతుంది.

ఓడిపోవడం నేర్పడానికి వైకుంఠపాళిని మించిన ఆట లేదు. అందులో గెలుపు తెలివి మీద ఆధారపడదు, పాము నోట్లో పడితే ఎవరైనా దిగవలసిందే, నానమ్మ కూడా. పిల్లను గెలిపించడానికి మీరు పందెం దొంగలెక్క వేయకండి. మీరు పాము నోట్లో పడ్డప్పుడు "అయ్యో, మళ్ళీ కిందికి" అని నవ్వి పందెం వేయడమే అక్కడ నేర్పవలసిన పాఠం.

వద్దనే హక్కు

"తాతయ్యకు ముద్దు పెట్టు, పెట్టకపోతే ఏడుస్తారు" అని బలవంతపెట్టకండి. నమస్కారం చేయడం, చెయ్యి ఊపడం, ముద్దు పెట్టడం అన్న మూడింట్లో ఏది కావాలో పిల్లనే ఎంచుకోనివ్వండి. పలకరించడం మాత్రం మానకూడదు. బుగ్గలు గిల్లే బంధువుకు "దానికి ఇష్టం ఉండదండీ" అని మీరే నవ్వుతూ చెప్పండి. తన ఒంటి మీద తన మాటకు విలువ ఉందని ఇంట్లో చూసిన పిల్లే బయట ఎవరైనా తాకరాని చోట తాకినప్పుడు గట్టిగా వద్దంటుంది, ఇంటికి వచ్చి చెబుతుంది. స్నానం చేయించేటప్పుడే ఒంటి భాగాల పేర్లు నేర్పండి, రహస్యంగా ఉంచమని ఎవరైనా అంటే ఆ రహస్యాన్ని అమ్మకు చెప్పవచ్చని కూడా చెప్పండి. ఇటువంటి నేరాలకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది, పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

నిద్ర, ఫోను, బడి

నిద్ర చాలని పిల్ల దగ్గర దయనూ ధైర్యాన్నీ వెతకడం దండగ. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర, మూడు గంటల కదలిక ఉండాలనీ, తెర ముందు గంటకు మించి కూర్చోకూడదనీ, రెండేళ్ళలోపు వారికి తెర అవసరమే లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఫోను చూపిస్తే తప్ప ముద్ద దిగని పిల్లలకు ఒక్క పూటతో మొదలుపెట్టి మాన్పించండి. బడిలో కొడుతున్నారేమో కూడా కనుక్కోండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది, "రెండు తగిలించండి, నేనేమీ అనుకోను" అనే తల్లిదండ్రుల అనుమతి దానికి మినహాయింపు కాదు.

బిడియాన్నీ ఎదుగుదలలో ఆలస్యాన్నీ ఒకటిగా చూడకండి. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, రెండేళ్ళు నిండినా "అమ్మ రా", "పాలు కావాలి" వంటి రెండు మాటల వాక్యాలు రాకపోవడం కనిపిస్తే, పెద్దయ్యాక అదే వస్తుందని ఎదురుచూడకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పాటయ్యాయి, అంగన్‌వాడీ టీచరును అడిగితే దారి చెబుతారు.

ఇంట్లో పెద్దవాళ్ళు

ఇదంతా చదివిన కోడలు వెళ్ళి అత్తగారికి పాఠం చెబితే ఇంట్లో మిగిలేది పోట్లాటే. పిల్లల ముందు పెద్దవాళ్ళను సరిదిద్దకండి. వాళ్ళు లేనప్పుడు, ఒక్కసారికి ఒక్క విషయమే, అదీ సాయం అడుగుతున్నట్టుగా ఎత్తండి. "బూచాడంటే రాత్రి ఉలిక్కిపడి లేస్తోంది అత్తయ్యా, మీరు కథ చెబితే పడుకుంటుంది" అంటే ఏ నానమ్మా కాదనదు. కొన్ని అలవాట్లు ఎంత చెప్పినా పోవు, వాటిని అలాగే వదిలేయవచ్చు.

మా అత్తగారికి ఎనభై దాటాయి. గడపను కొట్టే అలవాటు ఆవిడకు ఇప్పటికీ ఉంది, నేను ఎన్నడూ వారించలేదు. మొన్న సంక్రాంతికి మా మనవరాలు చేతిలో గ్లాసుతో ఆవిడ గదిలోకి వెళుతూ గడప తట్టుకుని బోర్లా పడింది. గ్లాసు మంచం కిందికి దొర్లిపోయింది. ఆవిడ కర్ర పట్టుకుని లేచి, వంగలేక వంగి, గడపను కొట్టడానికి చెయ్యి ఎత్తారు. పిల్ల ఏడుపు మధ్యలోనే ఆ చెయ్యి పట్టుకుని "అది కొట్టలేదు తాతమ్మా, నేనే చూసుకోలేదు" అంది. తరువాత ముక్కు చీదుకుంటూ గుడ్డ కోసం వంటింటివైపు వెళ్ళింది.